మడినీరు, మంచినీరు

మన యిండ్లలో నీటికి రెండు గౌరవములు గలవు. అర్చకుడు ఉద్ధరిణెతో పోసినప్పుడు దానిని తీర్థ మందుము. కుడి యరచేత పట్టి, త్రాగి, తడిచేతిని తలకు రాచుకొందుము. అదే నీరు బిందెలో నింటికి వచ్చినప్పుడు వట్టి నీరగును. అది యెచటినుండి వచ్చినదని యడుగము. అందులో నేమున్నదని యసలే యడుగము. ఎవరు ముట్టిరని మాత్రము తప్పక యడుగుదుము. ఈ మూడు ప్రశ్నలలో మొదటి రెండింటిని విడిచి మూడవదానినే పట్టుకొని కూర్చున్న సమాజమునకు కలిగిన ఫలమెట్టిదో చూడగోరువారు దూరము పోనక్కఱలేదు. నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ ప్రాంతమునకు పోయి చూచిన చాలును.

మర్రిగూడ పేరులోనే మర్రి యున్నది. మర్రి మనకు పూజ్యవృక్షము. కాని యా నేల మర్రినీడవలె చల్లనిది కాదు. అది దక్షిణ తెలంగాణములోని మెట్ట. ఒకవైపు దేవరకొండ, మఱొకవైపు మునుగోడు; నడుమ ఎఱ్ఱచెల్కలు, రాతిగుట్టలు, ఆకాశమునకు ముఖమెత్తి చూచు చెఱువులు. జీవనది చెంతలేదు. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ. పొలమునకైనను పొట్టకైనను భూగర్భమే దిక్కు. ఆ భూగర్భమున నల్లరాయి, తెల్లరాయి కలసిన కఠినశిల యున్నది. ఆ శిలలలోని ఖనిజములనుండి ఫ్లోరైడను పదార్థము ఏండ్లతరబడి కొంచెము కొంచెముగా కరగి నీటిలో చేరుచున్నది. సున్నపుపాలు తక్కువయై, సోడాక్షారము ఎక్కువయైన నీటిలో నది మఱింత నిలుచును. ఎండకు నీరింకిన కొలది మిగిలినదాని గాఢత పెరుగును.

ఈ విషమునకు రంగులేదు, రుచిలేదు, వాసనలేదు. కాచిన పోదు, సరికదా, నీరావిరియైపోయి మిగిలినదానిలో మఱింత చిక్కనగును. వస్త్రమున వడగట్టిన పోదు. తులసిదళము వేసినను పోదు. త్రాగునీటిలో లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ నియమించినది. మన భారతీయ ప్రమాణము 1 మిల్లీగ్రామునే మేలైనదిగా చెప్పి, వేఱు నీరు దొరకనిచోట మాత్రమే 1.5 వఱకు సహింపవచ్చు నన్నది. ఈ మెట్టలోని బావులలో బోరులలో ననేకము ఆ మేరను ఎన్నో రెట్లు మీఱినవి. ఆ నీరు పసితనమునుండి త్రాగినవారికి మొదట పండ్లపై గోధుమరంగు చారలు వచ్చును. పిమ్మట కీళ్ళు బిగియును. వెన్నెముక వంగి యిక లేవదు. కాళ్ళు విల్లులవలె వంకరపోవును. ఒకసారి వంగిన యెముకను మరల నిలువబెట్టు మందు నేటికిని లేదు. మర్రిగూడ చుట్టుప్రక్కల బట్లపల్లి, శివన్నగూడెము మొదలగు గ్రామముల పేరులు దేశమున తెలిసినది యక్కడి గుడులవలన కాదు, కోటలవలన కాదు. అక్కడి మనుష్యుల వంగిన నడుములవలన.

ఇది నిన్నమొన్న తెలిసిన సంగతియు కాదు. 1937లో నాటి మదరాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాయందు ఈ వ్యాధిని వైద్యులు గుర్తించి లోకమునకు తెలిపిరి. నల్లగొండ జిల్లాలోని వ్యాధిని గుఱించి 1955లో బ్రిటిషు వైద్యపత్రికలో వివరమైన వ్యాసము వెలువడినది. అనగా మన దేశము స్వరాజ్యము పొంది, సంవిధానము వ్రాసికొని, ప్రథమ ప్రణాళికను ముగించుచున్న కాలముననే, ఈ మెట్టలోని నీరు విషమని పండితులకు తెలిసియున్నది. తెలిసినది పల్లెకు దిగివచ్చుటకు తరములు పట్టినది. ఏల?

మా యభిప్రాయమున కారణము డబ్బు లేమి యొక్కటియే కాదు. పవిత్రమేది, అపవిత్రమేది యను విషయమున మన మనస్సులో గీయబడిన గీత తప్పుచోట నుండుటయే యందుకు మూలము.

పరిశుద్ధమును సామాన్యమునుండి వేఱుపఱుచుట మానవజాతి కంతకు స్వభావము. ఫ్రెంచి పండితుడు దుర్ఖైము 1912లో ప్రకటించిన గ్రంథమున, మతమను దానికి ప్రాణము దేవుడు కూడ కాదనియు, లోకమును పవిత్రము, లౌకికము అను రెండు భాగములుగ విభజించుటయే యనియు వాదించెను. లాటినుభాషలో లౌకికమునకు వాడు మాటకు అర్థము గుడి ముందఱిది, గుడి వెలుపలిది యని. మనకును గర్భగుడి, ముఖమంటపము, ప్రాకారము, వెలివాడ యని వరుస గలదు. అట్టి విభజన లేక ఏ సంఘమును నిలువలేదు. దేనిని ముట్టరాదో, దేనిని చెఱుపరాదో, దేనికై కష్టమునైన సహింపవలయునో చెప్పునది యదియే. కావున మేము పవిత్రమను భావమునే త్రోసివేయుమని చెప్పవచ్చినవారము కాము. గీత యుండవలసినదే. ఎచట నుండవలయునను దానిని గుఱించియే మా వివాదము.

మన పెద్దలు మడి యనుపేర నీటికి గొప్ప శాసనము చేసిరి. తడిబట్ట, చేదబావి, రాగిబిందె, ఎదురురాని త్రోవ. ఆ శ్రద్ధ చిన్నదికాదు. కాని యా శ్రద్ధ యంతయు ముట్టిన చేతిపైననే నిలిచి, ముట్టబడిన నీటిపైకి పోలేదు. మాలమాదిగల కడవ సోకిన బావి మైలపడినదని గగ్గోలుపెట్టినవారు, ఎవరును సోకకయే అడుగురాతినుండి విషమూరుచున్న బావిని గంగ యని పూజించిరి. అగ్రవర్ణముల వారి బావియు, వాడ బావియు ఒకే రాతిపై త్రవ్వబడినవి. విషమునకు కులము తెలియదు. మడిగట్టుకొని తెచ్చిన బిందెనుండియు, మైల యని త్రోయబడిన కడవనుండియు నదే ఫ్లోరైడు ఎముకలకు చేరినది. వేఱుబావి గలవాడు పొరుగూరినుండి బండిపై నీరు తెప్పించుకొనగలిగెను. లేనివాడు త్రాగి వంగెను. ఇంతియే భేదము, అది ధనము తెచ్చిన భేదమేగాని మడి తెచ్చిన రక్షణ కాదు.

1927 మార్చి 20వ తేదీన మహారాష్ట్రములోని మహాడ్‌లో డాక్టరు అంబేడ్కరు వేలాదిమందితో చౌదారు చెఱువునకు నడచి దోసెడు నీరు త్రాగెను. ఆ పిమ్మట చెఱువు మైలపడినదని కొందఱు గోపంచకముతో దానిని శుద్ధిచేసిరి. మనుష్యుని దోసిలి మైల, పశువుల మూత్రము శుద్ధి! ఆ తలక్రిందులు తర్కమును చట్టము 1950 జనవరి 26న కొట్టివేసినది. బావులు, చెఱువులు, స్నానఘట్టములు వాడుకొనుటలో కులమునుబట్టి యెవరికిని నిర్బంధ ముండరాదని సంవిధానముయొక్క 15వ యధికరణము చెప్పుచున్నది. 17వ యధికరణము అంటరానితనమును రద్దుచేసినది. బావి యొద్దకు పోవు హక్కు వచ్చినది. కాని మర్రిగూడ ప్రాంతమున నా హక్కుతో చేదుకొన్నది విషము. హక్కు సగము న్యాయము; మంచినీరు మిగిలిన సగము.

ఇచట మఱొక సంగతిని న్యాయముగ చెప్పవలసియున్నది. పల్లెప్రజల పవిత్రభావ మంతయు నిట్టి గ్రుడ్డిది కాదు. తెలంగాణమున చెఱువుకట్టపై మైసమ్మ యుండును. కట్టమైసమ్మకు బోనమెత్తని యూరు అరుదు. ఆ తల్లికి గోపురముండదు, ధ్వజస్తంభముండదు. కట్టమీది రాయికి పసుపు, కుంకుమ, వేపమండ. ఆమె యున్నదను భయముచేతనే కట్టను త్రవ్వుటకు, తూమును పగులగొట్టుటకు మనుష్యుడు జంకెను. బతుకమ్మను సాగనంపునదియు నా చెఱువులోనికే. వాననీరు నిలిచిన చెఱువులో శిలాజలమునందు వలె ఫ్లోరైడు గాఢముగ నుండదు. చెఱువు నిండిన బావులలోని విషము పలుచబడును. కావున చెఱువును దైవముగ కొలిచిన యా నిరక్షరాస్యుల బుద్ధి, బావికి కులము గట్టిన అక్షరాస్యుల బుద్ధికంటె సత్యమునకు దగ్గఱగ నున్నది. మైసమ్మ రాయిని మోటుదని నవ్వి, చెఱువుశిఖమును ఇండ్లస్థలములుగ అమ్ముకొన్నవారు నాగరికులు!

ఇక ఆధునికుల పవిత్రతను పరిశీలింతము. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేయుచు పండిత నెహ్రూ, అది తనకొక పవిత్రకార్యమనియు, దేశమున కట్టబడుచున్న క్రొత్త దేవాలయములకు అది చిహ్నమనియు భావము వచ్చునట్లు పలికెను. ఆ మాట గొప్పది. గర్భగుడినుండి పవిత్రతను తీసి, శ్రమించు మనుష్యుని మేలునందు ప్రతిష్ఠించిన మాట అది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలబడినది. కుడికాలువ గుంటూరు వైపునకు, ఎడమకాలువ మిర్యాలగూడ, ఖమ్మము వైపులకు పాఱినవి. కోట్లాది జనుల కన్నము లభించినది. కాని నీరు పల్లమెఱుగును. మర్రిగూడ మెట్టపై నున్నది. ఆ క్రొత్త దేవాలయము తన జిల్లాలోనే యున్నను, ఆ తీర్థము మాత్రము ఈ గడపకు రాలేదు. గుడి మాఱినది, వెలివాడ మాఱలేదు. పూర్వము పుట్టుకనుబట్టి వెలి. ఇప్పుడు నేల యెత్తునుబట్టి వెలి.

ఆ సాగరమున మునుగనున్న నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల విజయపురి యుండెను. మూడవ, నాలుగవ శతాబ్దుల బౌద్ధవిహారములు, స్తూపములు అచటనుండెను. 1954 మొదలు 1960 వఱకు పండితు లా లోయను త్రవ్వి పరిశోధించిరి. ముఖ్య కట్టడములను కొండపైకిని, అనుపునకును తరలించి నిలిపిరి. 1966లో దీవిపై మ్యూజియము తెఱచిరి. ఈ పనిని మేము మనసార మెచ్చుకొనుచున్నాము. ప్రాచీనశిలను కాపాడని జాతికి స్మృతి యుండదు. కాని పాఠకులొక్క ప్రశ్నను తమలో తాము వేసికొందురుగాక. నీటిలో మునుగు శిలను మోసి యెత్తునకు చేర్చు నేర్పు 1966 నాటికే మనకుండెను. అదే జలాశయమునుండి నీటిని మోసి యెత్తుననున్న మనుష్యునకు చేర్చు నేర్పు ఎన్నడు వచ్చినది? శిలకు పవిత్రతను వెంటనే గుర్తించితిమి. మనుష్యుని వెన్నెముకకు పవిత్రతను గుర్తించుట కాలస్యమైనది.

ఈ యాలస్యమును సహింపలేక నల్లగొండ ప్రజలు 1996లో చేసిన పని ప్రజాస్వామ్య చరిత్రలో నిలిచినది. దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వమున జలసాధనసమితి ప్రేరణచే వందలకొలది మంది లోకసభ యెన్నికకు నామపత్రములు వేసిరి. ఆ యొక్క స్థానమునకు 480 మంది యభ్యర్థులైరి. మతపత్రము పుస్తకమంత యైనది, పోలింగు వాయిదాపడినది. కఱ్ఱలెత్తలేదు, రాళ్ళు రువ్వలేదు. సంవిధాన మిచ్చిన కాగితమునే ఆయుధముగ పట్టిరి. ఆ యేడే పార్లమెంటు, పోటీచేయువాని ధరావతును 500 రూపాయలనుండి 10,000 రూపాయలకు పెంచినది. దేశమంతట అభ్యర్థుల సంఖ్య పెరిగినందున చేసిన సవరణ యది. న్యాయమే కావచ్చును. కాని దాహమని యెలుగెత్తినవారికి ముందుగ నందిన జవాబు ద్వారము ఇఱుకగుటయే యైనది.

2004లో కృష్ణానీరు సాగరమునుండి హైదరాబాదు నగరమునకు గొట్టములగుండ పోయినది. ఆ గొట్టములు ఈ మెట్టలమీదుగనే పోవుచున్నవి. కొన్ని గ్రామములకు నానాట కొంత నీరు అందినమాట నిజమే. అయినను, నగరవాసి తన తోటకు కృష్ణానీరు పోయుచుండగా, ఆ గొట్టము ప్రక్కనున్న పల్లెలో ఇల్లాలు బోరింగు కొట్టి విషము నింపుకొన్న దినములు లేకపోలేదు.

2016 ఆగస్టు నెలను మాత్రము మేము మఱవలేము. ఆ నెల 7వ తేదీన గజ్వేలు చెంత కోమటిబండలో ప్రధానమంత్రి మిషన్ భగీరథను ప్రారంభించెను. ఆ నెల 12వ తేదీనుండి 23వ తేదీవఱకు కృష్ణాపుష్కరములు జరిగినవి. బృహస్పతి కన్యారాశి ప్రవేశించగా పన్నెండేండ్లకొకసారి వచ్చు పర్వమది. సాగరము, వాడపల్లి, మట్టపల్లి ఘట్టములలో జనసముద్రము మునిగినది. ఒకే నది, ఒకే నెల, రెండు రూపములు. ఒకచోట సంకల్పము చెప్పి మూడు మునుగులు మునిగిన పుణ్యజలము. మఱొకచోట శుద్ధిచేయబడి యినుపగొట్టములలో నెత్తునకెక్కి, పల్లెయింటి కొళాయిలో దిగవలసిన మంచినీరు. ఈ రెండింటిలో నేది తీర్థమని మమ్మడిగిన, మేము తడబడక రెండవది యందుము. తీర్థమను మాటకు మొదటి యర్థము దాటుటకు దిగు రేవు. ఏ నీరు మనుష్యుని బాధనుండి దాటించునో యదియే తీర్థము.

దీనికి వ్యతిరేకమైన నిదర్శనము వాడపల్లిలోనే యున్నది. మూసీ కృష్ణలో కలయు సంగమమది. అగస్త్యేశ్వరుడు, నరసింహస్వామి వెలసిన పుణ్యస్థలము. ఆ మూసీ హైదరాబాదు నగరపు మురుగును మోసికొని, నల్లగొండ జిల్లా పొలములను తడుపుచు నచటికి వచ్చుచున్నది. సంగమస్నానమున పాపము పోవునని నమ్మెడి నగరవాసియే, తన యింటి మలినము నా సంగమమునకు పంపుచున్నాడు. నదిని తల్లియనుటచే నది శుభ్రపడదు. పవిత్రమని పిలుచుట సులభము. పవిత్రముగ నుంచుట కష్టము. మొదటిది నోటిపని, రెండవది చేతిపని. మన జాతి చిరకాలముగ నోటితో సరిపెట్టుకొనుచున్నది.

ఇంతవఱకు వ్రాసినదానికి రెండు పక్షములనుండి యాక్షేపణ రావచ్చును. ఆస్తికులు, "కొళాయిని తీర్థముతో పోల్చి ధర్మమును లఘువు చేయుచున్నారు" అందురు. మేము తీర్థమును దించలేదు, కొళాయిని ఎత్తితిమి. దాహమిచ్చుటకంటె మించిన దానము లేదని చలివేంద్రములు పెట్టిన పూర్వులు మన పక్షముననే యున్నారు.

రెండవ యాక్షేపణ యువకులనుండి వచ్చును. "ఇది ఇంజనీర్ల పని, పవిత్రత యేల? రసాయనము చాలును" అందురు. వారు నల్లగొండ పద్ధతియొక్క చరిత్రను చదువవలయును. నాగపురములోని జాతీయ పరిశోధనాలయమువారు 1970 దశకమున ఒక యుపాయము కనిపెట్టిరి. నీటిలో సున్నము, పటిక కలిపి త్రిప్పిన, తెల్లని మడ్డితోపాటు ఫ్లోరైడు అడుగునకు దిగును, పైనీరు తేటపడును. దీనికి మన జిల్లా పేరే పెట్టిరి. ఆఫ్రికాలోని దేశములవఱకు నీ పేరు పోయినది. ఉపాయము సులభము, చౌక. అయినను మన పల్లెలలో ననేకచోట్ల ఆ తొట్లు మూలబడినవి. ఏల? ప్రతిదినము పటిక తూచి వేయవలయును, త్రిప్పవలయును, మడ్డి తీయవలయును, నీటిని పరీక్షింపవలయును. రెండు దినములు మఱచిన మూడవదినము విషము వచ్చును. గుడిలో దీపమొక్కపూట మఱచిన నూరంతయు అపరాధమనును. తొట్టిలో పటిక నెల మఱచినను అడుగువాడు లేడు. రసాయనము మనకు దొరకినది. దొరకనిది నిత్యదీపపు శ్రద్ధ. ఆ శ్రద్ధకే మేము పవిత్రత యని పేరిడుచున్నాము.

ఫ్లోరైడు పీడితగ్రామములు తెలంగాణమున లేవని 2020లో కేంద్రప్రభుత్వము పార్లమెంటునకు తెలిపినది. కృష్ణాజలము ఇండ్లకు చేరుటవలన కలిగిన ఫలమిది. పనిచేసినవారికి మా యభినందనలు. కాని లెక్కలో సున్న వచ్చినంతమాత్రమున నెముకలలో సున్న రాదు. శివన్నగూడెమునకు చెందిన అంశల స్వామి, వంగిన తన దేహమునే సాక్ష్యముగ నిలిపి యేండ్లతరబడి ఈ వ్యాధిపై పోరాడి, 2023 జనవరిలో కన్నుమూసెను. అట్టివారింకను గలరు. వారు సున్నలో చేరినవారు కారు. మఱియు, కొళాయి రెండుదినములు ఆగినచో బోరింగు పిడి ప్రక్కనే యున్నది. దాని క్రింది రాయి మాఱలేదు.

దిండి ఎత్తిపోతల పథకము క్రింద శివన్నగూడెము చెంత జలాశయమునకు 2015లో శంకుస్థాపన జరిగినది. అందులో భూములు, ఇండ్లు కోల్పోవు చర్లగూడెము వారు పరిహారమునకై యాందోళన చేయవలసివచ్చినది. మెట్టకు నీరు రావలసినదే. కాని యొకరి బొడ్రాయిని ముంచి మఱొకరి దాహము తీర్చునప్పుడు, మునిగినవారి ఋణము మొదట తీర్పబడవలయును. పొలము కొలత, ఇంటి వెల లెక్కకువచ్చును. బొడ్రాయికి లెక్క లేదు. కనుకనే లెక్కకు వచ్చునదైనను జాగులేక చెల్లింపవలయును.

కావున మా కోరికలు కొన్ని. ప్రతి పల్లెయందును త్రాగునీటిని మాసమాసము పరీక్షించి, అందలి ఫ్లోరైడు పరిమాణమును గ్రామపంచాయతీ గోడపై తెలుగు అంకెలు తెలిసిన పిల్లవానికైన నర్థమగునట్లు వ్రాయవలయును. ఉగాదినాడు పంచాంగము విన్నట్లే, ఆ లెక్కను రచ్చబండపై చదివి వినిపింపవలయును. చెడునీటి బోరింగుల పిడులకు ఎఱ్ఱరంగు పూయవలయును. కొళాయి ఆగినదినము అధికారి సమాధానము చెప్పుకొనవలయును. వంగినవారికి పింఛను దయగా గాక ఋణముగా చెల్లవలయును. చెఱువుశిఖము నాక్రమించువానిని గుడిమాన్యము మ్రింగినవానితో సమానముగ నూరు చూడవలయును.

పట్టణములలో పఠనాలయములందు కూర్చుండి ఈ పత్రికను చదువు మా మిత్రులకును ఒక మాట. మీ కొళాయిలో దిగు నీరు మర్రిగూడ మెట్టల మీదుగ వచ్చినదో కాదో కనుగొనుడు. తెలిసినపిమ్మట దానిని వ్యర్థముగ విడుచుటకు మీ చేయి రాదు. ఆ చేయి రాకపోవుటయే మేము చెప్పు మడి. ఎవరు ముట్టిరని యడుగు మడి పోయి, ఎవరికి అందలేదని యడుగు మడి రావలయును.

కృష్ణకు మరల పుష్కరము 2028లో వచ్చును. నాటికి ఘట్టములకు మెట్లు కట్టుదురు, దీపములు పెట్టుదురు, వలదనము. కాని యా పండ్రెండుదినములు మర్రిగూడలో నొక్క కొళాయియైన నెండరాదు. అట్లెండనినాడే పుష్కరుడు నిజముగ మన నేలకు వచ్చినట్లని మేము తలంతుము.